వెనక్కి వచ్చే నీళ్ళు

ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. అందరికీ బుడ్లక్కే. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం "మేడమ్" అనేవాళ్ళు, రెండో వారం "అక్కా" అనేవాళ్ళు, నెల తిరిగేసరికి వాళ్ళూ బుడ్లక్క అనేసేవాళ్ళు. ఆవిడ నొచ్చుకునేది కాదు. ఇరవై మూడేళ్ళుగా చేస్తున్నది ఆ పనే మరి. సముద్రంలో వదిలిన బుడ్లు ఎటు పోతున్నాయో చూసి, పటం మీద గీతలు గీయడం.

బుడ్డి అంటే గుమ్మడికాయంత ప్లాస్టిక్ బంతి. దాని కింద, పదిహేను మీటర్ల లోతున, పొడుగాటి గుడ్డ గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. పైన గాలి ఎంత తోసినా ఆ గుడ్డ నీళ్ళను పట్టుకుని వదలదు కాబట్టి, నీళ్ళు ఎటు పోతే బుడ్డీ అటే పోతుంది. ఆరు గంటలకోసారి తానెక్కడున్నదీ ఉపగ్రహానికి చెప్పుకుంటుంది. ఆ చెప్పిందల్లా మూడో అంతస్తులో, కిటికీ పక్కనున్న బుడ్లక్క బల్ల మీదికి వచ్చి పడుతుంది. కంప్యూటర్ తనంతట తనే గీతలు గీసే రోజులొచ్చినా ఆవిడ మాత్రం గోడకున్న పెద్ద పటం మీద రంగు పెన్సిళ్ళతో గీయడం మానలేదు. చేత్తో గీస్తేనే నీళ్ళ నడక ఒంటబడుతుందని ఆవిడ నమ్మకం.

ఆ నడకలో ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైనది భూమధ్యరేఖ దగ్గరి నీళ్ళది. ఏడాది పొడుగునా గాలి తూర్పు నుంచి వీచి అక్కడి నీళ్ళను పడమటికి తోస్తూనే ఉంటుంది. అట్లా తోసుకుంటూ పోతే పడమటి ఒడ్డున నీళ్ళు గుట్టపడాలి కదా? పడతాయి కూడా, కొద్దిగా. అందుకే అవి తిరుగుదారి వెతుక్కుంటాయి. రేఖకు కాస్త ఉత్తరాన ఒక పట్టీ ఉంది. అక్కడ నీళ్ళు గాలికి ఎదురుగా, తూర్పుకు పారతాయి. రేఖకు సరిగ్గా కింద, వంద మీటర్ల లోతున, మరో ప్రవాహం ఎవరి కంటా పడకుండా తూర్పుకే ఉరుకుతుంది. ఇది చాలదన్నట్టు, రేఖ దగ్గర అడుగునున్న చల్లటి నీళ్ళు పైకి లేచి రెండు పక్కలకీ సర్దుకుంటాయి. కొంతదూరం పోయి మునుగుతాయి. మునిగిన వాటిలో కొన్ని లోపల్లోపలే మళ్ళీ రేఖ దగ్గరికి వచ్చి పైకి లేస్తాయి.

"మీ నీళ్ళకి పనీపాటా లేదా అక్కా? వెళ్ళడమెందుకు, మళ్ళీ రావడమెందుకు?" అనేవాడు తమ్ముడు.

తమ్ముడు చేపల బోటులో ఇంజను మెకానిక్కు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, బుడ్లక్కకు పంతొమ్మిది. ఆనాటి నుంచీ వాణ్ణి కడుపులో పెట్టుకుని పెంచింది. తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. వాడికి మాత్రం దగ్గరుండి చేసింది. మేడ మీద ఒక గది, వంటిల్లు ఆవిడవి. కింది వాటాలో తమ్ముడూ మరదలూ ఉండేవాళ్ళు. పిల్లల్లేరు. సముద్రం మీదికెళ్ళి ఇరవై రోజులకు ఇంటికొచ్చాడంటే, వాడు ముందు మేడెక్కి అక్క దగ్గర ఓ గంట కూర్చుని గానీ కిందికి దిగేవాడు కాదు. మరదలు కింద నుంచి కేకేసేది. "అక్కా తమ్ముళ్ళ మంతనాలు అయితే నా మొహం కూడా ఓసారి చూడమను వదినా!"

ఆ మంతనాల్లో సగం నీళ్ళ గురించే. రేఖకు మూడు డిగ్రీల ఉత్తరాన పడిన బుడ్లు, గాలులు గట్టిపడే నెలల్లో, నాలుగైదు రోజులు పడమటికి పోయి, అక్కడేదో పెద్ద సుడి పట్టి లాగినట్టు ఉత్తరానికి జరిగి, ఆ తూర్పు పట్టీలో పడి తిరుగుముఖం పడుతున్నాయని ఆవిడ కనిపెట్టింది. కనిపెట్టడమంటే పుస్తకంలో అచ్చవడం కాదు. గోడ మీది పటంలో చూసింది, తమ్ముడికి చెప్పింది, అంతే.

"అంటే మా బోటు ఇంజను ఆగిపోయినా దిగుల్లేదన్నమాట. నీళ్ళే వెనక్కి తెచ్చి పడేస్తాయి" అన్నాడు వాడు నవ్వుతూ.

"ఒడ్డుకేం తేవు. బయల్దేరిన చోటికి ఎదురుగా, మూడొందల కిలోమీటర్లు ఉత్తరాన తెచ్చి వదులుతాయి. అదీ బోటు కింద ఏదైనా గుడ్డ వేలాడదీస్తేనే. లేకపోతే గాలి ఈడ్చుకుపోతుంది."

"సరే, గుడ్డ కడతాలే" అన్నాడు వాడు.

ఆ సంవత్సరం గాలులు గట్టిపడిన నెలలోనే బోటు ఇంజను ఆగిపోయింది.

కబురు ఇంటికి రాలేదు, ఆఫీసుకే వచ్చింది. ఉదయం పదకొండింటికి గాలింపు కేంద్రం నుంచి ఒక కాగితం దిగింది. బోటులో ఐదుగురు, ఇంజను కాలిపోయింది, రేఖకు మూడు డిగ్రీల ఉత్తరాన ఉన్నామని నిన్న సాయంత్రం రేడియోలో చెప్పారు, ఆ తర్వాత రేడియో మూగబోయింది, బోటు ఎటు కొట్టుకుపోతుందో మీ ఆఫీసు వెంటనే చెప్పాలి. కింద ఫోన్ నంబరు, డ్యూటీలో ఉన్న అధికారి సంతకం. పైన బోటు నంబరు. ఆ నంబరు బుడ్లక్కకు తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు.

ఆ చోట పడ్డ బుడ్ల గీతల కాగితాలు తీసుకుంది. గ్లాసుడు నీళ్ళు తాగి పెద్దాయన గదిలో మీటింగుకు వెళ్ళింది.

పెద్దాయన ఆ ఆఫీసుకు అధిపతి. మాట మెత్తన, అడుగు మెత్తన, ఫైలు మాత్రం కదలదు. పక్కన డాక్టరు కుర్రాడు కూర్చున్నాడు. రోగుల డాక్టరు కాదు, సముద్రాల మీద డాక్టరేట్ చేసినవాడు. కొత్త కంప్యూటర్ లెక్క వాడిదే. గోడ మీద తెర దింపి చూపించాడు.

"రోజుకి నలభై, యాభై కిలోమీటర్ల చొప్పున పడమటికే సార్. పది రోజుల్లో ఇదిగో, ఇక్కడుంటారు" అని తెరకు ఎడమ పక్కన ఒక ఎర్ర చతురస్రం చూపించాడు.

"మొదటి నాలుగు రోజుల వరకే సార్ అది" అంది బుడ్లక్క. "తర్వాత ఉత్తరానికి తిరుగుతారు. అక్కణ్ణుంచి తూర్పుకి. ఈ నెలల్లో ఈ చోట పడ్డ బుడ్లు అట్లాగే తిరిగాయి. గీతలు తెచ్చాను."

పెద్దాయన గీతలు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎన్ని తిరిగాయమ్మా?"

"ఏడు సార్."

"మొత్తం ఎన్ని?"

"పదకొండు."

"మరి ఆ నాలుగింటి మాటేమిటి?"

ఆ నాలుగూ ఎందుకు తిరగలేదో ఆవిడకు తెలీదు. వాటికి గుడ్డ ఊడిపోయిందేమోనని అనుమానమైతే ఉంది గానీ రుజువు లేదు. తెలిసినట్టు చెప్పడం ఇరవై మూడేళ్ళలో అలవాటు కాలేదు.

"ఆ బోటులో మీ తమ్ముడున్నాడని విన్నాను. మీ కంగారు నాకు అర్థమవుతుందమ్మా" అన్నాడు పెద్దాయన ఇంకా మెత్తగా. ఆ ఒక్క మాటతో ఇరవై మూడేళ్ళ లెక్క కాస్తా ఆడమనిషి ఏడుపైపోయింది. "ఒక పని చెయ్యండి. మీరు చెప్పేది కాగితం మీద రాసివ్వండి. చూసి పంపిస్తాను."

రాసిచ్చింది. రెండు పేజీలు, ఒక పటం. ఏ రోజుకు ఎక్కడుంటారో చుక్కలు పెట్టి, పంతొమ్మిదో రోజు దగ్గర ఒక గుండ్రం చుట్టింది. బోటు కింద గుడ్డో వలో వేలాడదీసి ఉంటారనీ, కాబట్టి గాలిని తక్కువ లెక్కేయాలనీ రాసింది. పెద్దాయన మూలన పొట్టి సంతకం పెట్టి ఆకుపచ్చ ఫైల్లో దోపడం కళ్ళారా చూసింది.

ఇంటికెళ్ళి మరదలికి తనే చెప్పింది. మరదలు ఏడవలేదు. గుమ్మంలో చతికిలబడి, "నువ్వున్నావుగా వదినా. నీళ్ళ సంగతి నీకు తెలియనిదా? నువ్వు వాళ్ళకి చెప్పావు కదా?" అని అడిగింది.

"చెప్పాను. రాసి కూడా ఇచ్చాను."

"అయితే దొరుకుతాడు" అంది మరదలు. లేచి వంటింట్లోకి పోయింది.

రెండు విమానాలు, ఒక ఓడ పడమటికి బయల్దేరాయి. మొదటి నాలుగు రోజులూ బుడ్లక్క కూడా దాన్ని తప్పుపట్టలేదు. ఆ నాలుగు రోజులూ బోటు అటే పోతుంది మరి. కానీ సముద్రం పెద్దది, బోటు చిన్నది, ఆకాశమంతా మబ్బు. కనిపించలేదు. ఐదో రోజు నుంచి విమానాలు ఉత్తరానికి మళ్ళాలి. ఆ సాయంత్రం వచ్చిన కాగితంలో విమానాలు ఇంకా పడమటికే పోయాయి.

పెద్దాయన గది ముందు నిలబడింది. "నా కాగితం పంపారా సార్?"

"అది ప్రాసెస్‌లో ఉందమ్మా."

ఆ మాటను ఆవిడ పంపినట్టే లెక్కేసుకుంది. లెక్కేసుకోవడం సుఖంగా ఉంది కాబట్టి లెక్కేసుకుంది. గాలింపు కేంద్రం వాళ్ళు చూసి, వాళ్ళకి తోచిన కారణమేదో ఉండి, వద్దనుకున్నారేమో. ఆరో రోజు, ఏడో రోజు బల్ల దగ్గర కూర్చుని ఆ మొదటి కాగితం కింద ఉన్న ఫోన్ నంబరు చూస్తూ ఉండిపోయింది. ఎనిమిది అంకెలు. చేసి అడగొచ్చు. కానీ బయటి ఆఫీసులతో పెద్దాయన తప్ప ఎవరూ మాట్లాడకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎనిమిదేళ్ళ క్రితం పత్రిక వాళ్ళెవరో ఫోన్ చేసి తుఫాను తేదీ అడిగితే, తెలిసిన తేదీయే గదా అని చెప్పింది. దానికి మెమో ఇచ్చారు. నలుగురి ముందు నిలబెట్టి చదివారు. ఆ మెమో ఇప్పటికీ ఒంట్లో ముల్లులా ఉంది. అదొక్కటే అయితే దాటేసేదేమో. దాని వెనక ఇంకోటి ఉంది. పదకొండింటిలో నాలుగు తిరగలేదు. తన మాట విని విమానాలు ఉత్తరానికి పోయి, వాడు పడమటనే ఉండిపోతే? తన చేత్తో తమ్ముణ్ణి చంపుకున్నట్టు అవదూ?

ఫోన్ తీయలేదు.

పదో రోజు సాయంత్రం గాలింపు ఆపేశారు. రూలు ప్రకారం బోటులో తాగే నీళ్ళు అన్ని రోజులకే సరిపోతాయట. పన్నెండో రోజు పొద్దున్నే, ఆఫీసుకు సెలవు కూడా పెట్టకుండా, బుడ్లక్క తన కాగితం నకలు చేతిసంచిలో పెట్టుకుని రేవు దాకా బస్సులో వెళ్ళింది. గాలింపు కేంద్రం ఒక పాత గిడ్డంగి మీద కట్టిన రెండు గదులు. గోడ నిండా గడియారాలు, ఒక్కో దేశపు టైముకి ఒక్కొక్కటి. అధికారి, తనకు కొడుకుంటే ఆ వయసువాడు. కూర్చోమని కుర్చీ తుడిచాడు. రెండు పేజీలూ చదివాడు, పటం విప్పి బల్ల మీద పరుచుకున్నాడు, వేలితో చుక్కల వెంట పోయాడు.

"ఇది ఎప్పుడు రాశారమ్మా?"

"రెండో రోజు. మా ఆఫీసు నుంచి మీకు వచ్చే ఉంటుంది."

అతను లేచి బీరువాలోంచి ఫైలు తీశాడు. ఒక్కో కాగితం తిప్పాడు. మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు. "మాకేం రాలేదమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం చూసి, "ఒక్క ఫోన్ కొట్టాల్సింది. నాలుగో రోజు మా దగ్గర ఒక విమానం ఊరికే ఉంది. ఎటు పంపాలో తెలీక కూర్చున్నాం" అన్నాడు.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

విమానాలు మళ్ళీ లేపాలంటే ఆవిడ ఆఫీసు నుంచి అధికారికంగా కాగితం రావాలి. పెద్దాయనకు అతనే ఫోన్ చేశాడు. పెద్దాయన మీటింగులో ఉన్నారు. మధ్యాహ్నమూ మీటింగులోనే ఉన్నారు. చివరికి అతను తన చేతిలో ఉన్న పని చేశాడు. ఆ దారిన పోయే సరుకు ఓడలన్నిటికీ, ఫలానా చోట ఒక చేపల బోటు ఉండొచ్చు, కన్నేసి ఉంచండి అని సందేశం పంపాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక సరుకు ఓడకు బోటు కనిపించింది. ఆవిడ చుట్టిన గుండ్రానికి ముప్ఫై కిలోమీటర్ల ఇవతల. బోటు నడిపే సరంగు, వంటాయన, ఒక వలమనిషి బతికి ఉన్నారు. ఇంకో వలమనిషి పద్నాలుగో రోజున పోయాడు. తమ్ముడు పదహారో రోజున పోయాడు.

వారం తర్వాత, వంటాయన ఆస్పత్రి నుంచి వస్తూ నేరుగా ఇంటికే వచ్చాడు. పెదాలు ఇంకా పగిలే ఉన్నాయి. మరదలు, బుడ్లక్క ఎదురుగా కూర్చున్నారు.

"ఇంజను పట్టేసినప్పుడు ఆయన చెయ్యి మోచేతి దాకా కాలిందమ్మా. అయినా ఆ కాలిన చేత్తోనే ముందు చేసిన పనేంటో తెలుసా? టార్పాలిన్ తెమ్మన్నాడు. నాలుగు మూలలా తాళ్ళు కట్టించి, ఇనప ముక్కలు బరువేసి, నీళ్ళలోకి దింపించాడు. ఇదేం పిచ్చయ్యా అన్నాడు సరంగు. గాలి వెంట పోకూడదు, నీళ్ళ వెంట పోవాలి, మా అక్క చెప్పింది అన్నాడు."

మరదలు వదిన వైపు చూసింది.

"ఆయన దగ్గర చేతిలో పట్టే చిన్న జీపీఎస్ ఉండేది. బ్యాటరీ అయిపోతుందని రోజుకొక్కసారే వేసేవాడు. మొదటి నాలుగు రోజులు పడమటికే పోయాం. మేమంతా ఏడుపు. ఆయన మాత్రం, ఆగండి, తిరుగుతాం అనేవాడు. ఆరో రోజుకి నిజంగానే ఉత్తరానికి జరుగుతున్నాం. పన్నెండో రోజు పొద్దున అంకెలు చూసి ఒకటే అరుపు. తూర్పుకి తిరిగామురోయ్ అని! అప్పటికే చెయ్యి కుళ్ళు పట్టి ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. అయినా చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇంకేం భయం లేదు, విమానం ఇక్కడికే వస్తుంది, మా అక్క వాళ్ళకి చెప్పే ఉంటుంది అన్నాడు. పగలంతా మమ్మల్ని ఆకాశం వంక చూడమనేవాడు. పడమటి వైపు కాదురా, అటు చూడకండి, తిన్నగా పైకి చూడండి అనేవాడు."

వంటాయన గ్లాసులో నీళ్ళు ఒక్క గుక్క తాగి, మిగతావి చూస్తూ కూర్చున్నాడు. "ఆఖరి రోజు కూడా అదే మాటమ్మా. ఏదో ఆలస్యమై ఉంటుందిరా అన్నాడు."

ఆస్పత్రి డాక్టరు చెప్పిన మాట కూడా ఆయనే చెప్పాడు. ప్రాణం తీసింది చేతికి పట్టిన కుళ్ళేనట. పదో రోజుకు దొరికి ఉంటే చెయ్యి తీసేసేవాళ్ళు, మనిషి దక్కేవాడు.

బోటు సముద్ర ఆఫీసు వాళ్ళు గీసిన గుండ్రానికి దగ్గర్లోనే దొరికిందన్న సంగతి ఎట్లాగో పొక్కింది. పత్రికల్లో వచ్చింది. మరి ఐదో రోజే ఎందుకు వెతకలేదని చనిపోయిన వలమనిషి తండ్రి రేవు గేటు ముందు కూర్చున్నాడు. విచారణ వేశారు.

విచారణకు ముందురోజు పెద్దాయన ఆవిడను గదిలోకి పిలిచి, తనే తలుపు వేశాడు. తమ్ముడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని, అసలు సంగతికి వచ్చాడు.

"మీ కాగితం సారాంశం నేను మూడో రోజే ఫోన్లో చెప్పానని అంటానమ్మా. అక్కడ ఫోన్ ఎవరు తీశారో ఎవరికి గుర్తుంటుంది? మీరు కాదనకుండా ఉంటే చాలు. ఇద్దరం బయటపడతాం."

"ఆ అబ్బాయి నెత్తిన పడుతుంది కదా సార్."

"అతనికి చిన్న వయసు. తట్టుకుంటాడు."

"నేను కాదంటాను సార్" అంది బుడ్లక్క. ఇరవై మూడేళ్ళలో ఆ గదిలో ఆవిడ కాదన్నది అదే మొదటిసారి. విమానాలు ఇంకా పడమటికే పోయిన ఐదో రోజే అనాల్సిన మాట అని తలుపు తీసుకుని బయటికి వస్తుంటే తోచింది.

విచారణలో పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు, మధ్యలో మాటలు పట్టే యంత్రం. పెద్దాయన ముందుగా చెప్పాడు. ఫోన్ మాట ఎత్తలేదు. కాగితం అందిన మాట నిజమే, పదకొండింటిలో ఏడు అన్నది అసంపూర్ణమైన సమాచారం, ఇంకా పరిశీలించాలని ఉంచాను, ఈ లోపు గాలింపు ముగిసింది అన్నాడు. ముగ్గురూ తలలూపారు. తర్వాత బుడ్లక్క చెప్పింది. కాగితం ఎప్పుడిచ్చిందీ, ప్రాసెస్‌లో ఉందని ఎవరన్నదీ, గాలింపు కేంద్రం ఫైల్లో ఏమీ లేకపోవడమూ వరసగా చెప్పింది.

ముగ్గురిలో మధ్యాయన పెన్ను పక్కన పెట్టాడు. "మీ లెక్క మీద మీకంత నమ్మకముంటే, మీరే నేరుగా ఎందుకు చెప్పలేదమ్మా? ఫోన్ నంబరు తెలీదా?"

తెలీదనొచ్చు. కట్టుబాటు ఒప్పుకోదనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆకాశం వంక చూస్తూ కూర్చున్న మనిషి ఆవిడ కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

"నంబరు నా బల్ల మీదే ఉంది సార్. భయమేసి చెయ్యలేదు. మెమో ఇస్తారని భయం. నా లెక్క తప్పయితే నా వల్లే చచ్చిపోతాడని భయం. చేసి ఉంటే వాడు బతికేవాడు" అంది.

యంత్రం ఆ మాటలన్నీ పట్టుకుంటూ తిరుగుతూనే ఉంది.

రెండు నెలలకు నివేదిక వచ్చింది. నలభై పేజీలు. కంప్యూటర్ లెక్కలో లోపం లేదు, అప్పటికి ఉన్న సమాచారం అంతే. ఆఫీసు అధిపతి పరిశీలన కోసం ఉంచడం విధానం ప్రకారమే. అయితే, కీలకమైన సమాచారం తెలిసి ఉండీ, సంప్రదించే నంబరు అందుబాటులో ఉండీ, వ్యక్తిగత భయంతో దాన్ని సకాలంలో అందించని సాంకేతిక ఉద్యోగిని ప్రవర్తన తీవ్రంగా తప్పుపట్టదగినది. నలభై పేజీల్లో ఒక మనిషి మీద తప్పు మోపిన వాక్యం అదొక్కటే. ఆ వాక్యానికి కావలసిన ముడిసరుకంతా ఆవిడ నోటి నుంచే వచ్చింది.

ఆవిణ్ణి పరికరాల గిడ్డంగికి మార్చారు. గోడ మీది పటం ఊడదీసి చుట్టచుట్టారు. డాక్టరు కుర్రాడు ఆ ఏడు గీతల్నీ తన లెక్కలో కలుపుకున్నాడు. గుడ్డ ఊడిన బుడ్లను వేరుచేసే పద్ధతి ఒకటి ఉందట. దాంతో చూస్తే మిగతా నాలుగింటికీ గుడ్డలు ఊడిపోయే ఉన్నాయని తేలింది. అంటే ఏడుకు ఏడూ తిరిగినట్టే. ఆ సంగతి చెప్పడానికి వాడు గిడ్డంగి దాకా వచ్చాడు. ముఖం ఎత్తలేకపోయాడు.

"మీ లెక్కే కరెక్టు మేడమ్" అన్నాడు.

"ఇప్పుడెందుకు బాబూ" అంది ఆవిడ. వాడు వెళ్ళిపోయాడు. ఆ ఏడాది చివర్లో ఆ లెక్క మీద పెద్దాయన పేరూ, వాడి పేరూ పక్కపక్కన వేసి పెద్ద వ్యాసం అచ్చయింది.

నివేదికలోని ఆ వాక్యం పత్రికలో పడిన రోజు మరదలు మేడ మీదికి వచ్చింది. తమ్ముడు పోయాక ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. పత్రిక మడిచి చేతిలో పట్టుకుంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఇది నువ్వే చెప్పావా వదినా, వాళ్ళు రాసుకున్నారా?"

"నేనే చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"నిజం కాబట్టి."

మరదలి కళ్ళలో తడి లేదు.

"నీ నిజం చెప్పుకుని నువ్వు బరువు దించుకున్నావు. బాగుంది. మరి నాకు? ఇన్నాళ్ళూ ఆ పెద్దాయన్ని పొద్దున్న లేచింది మొదలు తిట్టుకుంటూ ఎట్లాగో బతికాను. వాణ్ణి తిట్టుకుంటూ ఇంకో పదేళ్ళు బతికేదాన్ని. సాయంత్రమైతే నీ గదిలో దీపం చూసి, ఆయన మనిషి ఒకరు పైనున్నారులే అనుకునేదాన్ని. ఇప్పుడు పైకి చూడాలంటే నాకు భయంగా ఉంది వదినా. చూస్తే నోటికి ఏమొస్తుందో నాకే తెలీదు."

"తిట్టు. నన్నే తిట్టు" అంది బుడ్లక్క.

"తిట్టలేను. నిన్ను తిడితే ఆయన ఊరుకోడు." పత్రిక గుమ్మం మీదే వదిలేసి దిగిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఏడు వారాలు ఉన్నారు. ఒకే కొళాయి, ఒకే గేటు. మరదలు నీళ్ళు పట్టుకునే వేళకు బుడ్లక్క కిందికి దిగేది కాదు. బుడ్లక్క గిడ్డంగి నుంచి వచ్చే వేళకు కింది తలుపు మూసి ఉండేది. ఎనిమిదో వారం ఆదివారం పొద్దున ఒక చిన్న లారీ వచ్చి గేటు ముందు ఆగింది. మరదలి అన్న, ఇద్దరు కూలీలు సామాను మోయడం మొదలుపెట్టారు. అన్నగారి ఊరికి పోతోందని బుడ్లక్కకు ఎవరూ చెప్పలేదు. లారీని చూసి తెలుసుకుంది.

పైన నిలబడి చూడలేక కిందికి దిగింది. ఇనప బీరువా గుమ్మం దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. కూలీలు ఇటు తిప్పితే అటు పడుతోంది. అన్నగారు కేకలేస్తున్నాడు. బుడ్లక్క వెళ్ళి కింది మూల పట్టుకుంది. పై మూల మరదలి చేతుల్లో ఉంది. "కాస్త వంచాలి" అంది బుడ్లక్క ఎవర్నీ చూడకుండా. మరదలు వంచింది. బీరువా గుమ్మం దాటింది. మెట్ల మీద, గేటు దాకా, లారీ దాకా ఇద్దరూ చెరో మూలా మోశారు. మరదలు వద్దనలేదు, తలెత్తి చూడనూ లేదు. బీరువా లారీలోకి ఎక్కాక పమిటతో చేతులు తుడుచుకుని ముందు సీట్లో, అన్న పక్కన కూర్చుంది.

లారీ మలుపు తిరిగేదాకా బుడ్లక్క గేటు దగ్గరే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఖాళీ అయిన కింది వాటా ఊడ్చింది. అద్దెకు వచ్చేవాళ్ళ కోసం కాదు. ఆ దుమ్ములో పాదాల గుర్తులు చూస్తూ ఉండలేక.